చేప పంటితో దువ్విన పత్తి

వేసవి సెలవులలో పిల్లలకు మ్యూజియము చూపదలచినవారు పొందూరులోని ఒక వసారాను కూడ చూపవలెను

వేసవి సెలవులలో శ్రీకాకుళ విజయనగర జిల్లాలయందు పిల్లలతో కూడి చూడదగిన మ్యూజియములను, చేతిపనుల ప్రదర్శనలను గూర్చి ముఖచిత్ర కథనమొకటి వ్రాసి శుక్రవారము సాయంకాలములోగా పంపవలసినదని సంపాదకులు కోరగా, చూడవలసిన స్థలముల పట్టికను చేతబట్టుకొని బయలుదేరితిని. కాని మొదటి దినముననే, పొందూరు రైలుస్టేషనులో దిగి, ఖద్దరు వడికెడివారి వీధికి నడచి, ఒక పెంకుటింటి వసారాలో చాపపై కూర్చున్న వృద్ధురాలి చేతిలో అరచేతికన్న చిన్నదైన ఒక యెముక ముక్కను చూచిన పిమ్మట, పట్టికలోని తక్కిన పేర్లకు ఈ కథనమున మిగులు చోటు స్వల్పమేయని నాకు తేటపడెను.

ఆ యెముక వాలుగ చేప దవడ. రాజమహేంద్రవర ప్రాంతమునుండి తెప్పించుకొన్న పెద్ద వాలుగల దవడలను ముక్కలుగా కోసి పొందూరి స్త్రీలు దువ్వెనలుగా వాడుకొందురు. దాని పండ్లు రంపపు పండ్లవలె విడివిడిగా నుండక, మొఖమలుపై నూగువలె సూక్ష్మములై, దట్టములై, వరుసలు దీరి యుండును. గింజ యింకను విడివడని కొండపత్తిని ఎడమచేతి వ్రేళ్లనడుమ బిగించి, కుడిచేతిలోని దవడతో ఆమె మెల్లమెల్లగా దువ్వుచుండగా, ఆకు నలుసులును మట్టియు ఒడిలో రాలి, చిక్కుపడియున్న పీచు గింజచుట్టును, తలంటిపోసుకొన్న పసిబిడ్డ జుట్టువలె, ఒక్కతీరుగా నిలిచెను.

“అమ్మా, ఇనుప దువ్వెన పనికిరాదా?” అని అడిగితిని.

“ఇనపదైతే పీసు తెగిపోతాది బాబూ. సేప పన్నైతే సెత్తనొగ్గదు, పీసుని తెంపదు” అని, చేయి ఆపకయే ఆమె బదులు చెప్పెను.

దువ్వుట ముగిసిన పిమ్మట చెక్కపలకపై పత్తినుంచి, ఇనుపకడ్డీని దొర్లించి గింజను వేరుచేయుదురు. విడివడిన దూదిని పొల్లు తీసి మెత్తబరచి, చిన్న వింటితో ఏకి, ఏకులుగా చుట్టుదురు. ఏకు చేతి చెమ్మకు నలుగకుండ దానిని ఎండిన అరటిపట్టలో పొదివి పట్టుకొని, ఒంటికదురు రాట్నముపై వడకుదురు. ఇన్ని మెట్లలో ఏ యొక్కటి తొందరపడినను దారము ఆ తొందరను దాచదు. సన్ననిచోట తెగును, లేదా ముద్దగట్టును.

ఇంతయు చేసి వారు వడికెడిది నూరవ నంబరు నూలు, ఒక్కొక్కప్పుడు అంతకన్నను సన్ననిది. నూరవ నంబరనగా నేమో పిల్లలకు చెప్పవలసినచో ఇట్లు చెప్పవచ్చును: ఒక పౌను దూదినుండి 840 గజముల చిలపలు నూరు రావలెను, అనగా 84,000 గజములు, సుమారు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళమున ఒక కొస కట్టి, బాటవెంట విప్పుకొనుచు పోయినయెడల, రెండవ కొస విజయనగరమును దాటిపోవును. ఆ దారమంతయు, అరకిలోకు కొంచెము తక్కువైన దూదిలో, ఒక స్త్రీ రెండు వ్రేళ్లనడుమనుండి వెడలివచ్చినదని తెలిసిన బాలుడు తన చొక్కాను మునుపటివలె చూడజాలడు.

చరిత్రను సంగ్రహముగా చెప్పెదను. స్వాతంత్ర్యోద్యమ దినములలో ఈ ఖద్దరు వస్త్రపు ఖ్యాతి గాంధీమహాత్ముని చెవిసోకగా, పని తీరును పరిశీలించుటకై ఆయన తన కుమారుడగు దేవదాసు గాంధీని పొందూరుకు పంపెను. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము వెలసెను. 1955లో భూదాన యాత్రలో ఈ సీమకు వచ్చిన వినోబాభావే హస్తములతో సంఘభవనమునకు శుభారంభము జరిగెను. చేతిపనిని చేతులతోసహా చూపవలెనను తలంపు అన్యదేశములకు కొత్తది కాదు. ఆ తలంపుతోనే స్వీడను రాజధాని స్టాక్‌హోములో 1891లోనే స్కాన్సెన్ అను ఆరుబయటి మ్యూజియము తెరువబడినది.

పట్టికలో మిగిలినవి

శాలిహుండం: వంశధార ఒడ్డున కొండపై బౌద్ధ స్తూప చైత్యముల శిథిలములును, అచ్చట దొరకిన శిల్పములు గల మ్యూజియమును ఉన్నవి. ఎండ ముదురకమునుపే కొండ నెక్కుట మేలు.

కథానిలయం: కాళీపట్నం రామారావుగారు 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున నెలకొల్పిన తెలుగు కథల భాండాగారము.

విజయనగరం: గురజాడ అప్పారావుగారి గృహము, కోట, 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులుగా ఆరంభమైన సంగీత కళాశాల ఒక్క పూటలో చూడదగినవి.

బొబ్బిలి: గొల్లపల్లిలో పనసకఱ్ఱను తొలిచి వీణ చేయువారిని చూడవచ్చును. ఉలిదెబ్బకు లేచెడి పసుపుపచ్చని పొట్టును పిల్లలు జేబులలో నింపుకొందురు.

బుడితి: సారవకోట చెంతనున్న ఈ గ్రామమున కంచు, ఇత్తడి పాత్రలు చేయుదురు.

మ్యూజియములయందు నాకు భక్తి గలదు. కాని అద్దపుపెట్టెలో నుంచిన వాలుగ దవడ చేప యెముక మాత్రమే. దాని క్రింద ఎంత వివరముగా ఫలకము వ్రాసినను, పీచు తెగకుండ మట్టిని రాల్చుటకు ఎంత ఒత్తిడి చాలునో ఆ ఫలకము చెప్పజాలదు. ఆ జ్ఞానము మణికట్టులో నుండును. ఒక మణికట్టును చూచి వేరొక మణికట్టు దానిని నేర్చుకొనును. పొందూరిలో నేడు దానిని నేర్చుకొను పిల్లలు అరుదగుచున్నారు, ఏలయన చిలపల లెక్కను వచ్చెడి కూలి ఇతరమైన ఏ పనితోను సరితూగదు.

కావున వేసవి ప్రదర్శనలు ఏర్పాటు చేయువారిని ఒక మాట వేడుకొందును. వడికెడి స్త్రీని పిలిపించి, బల్లపై కూర్చుండబెట్టి, శాలువ కప్పి పంపుట గౌరవమే. కాని మనకు చూపుటకై ఆమె పని మందగించిన ప్రతి గంటయు ఆమె చిలపలలో తరుగుగా కనబడును. పాఠము చెప్పిన అధ్యాపకునకు జీతమిచ్చినట్లే ఆ గంటలకు వేతనమీయవలెను. చూడవచ్చినవారు నలుగురు కలిసి కొన్నను సరే, ఒక గజము బట్ట కొని పోవలెను.

నేను కూర్చున్నంతసేపును ఆ వసారాలో మరియొక విద్యార్థి యుండెను. విశాఖపట్నమునుండి సెలవులకు వచ్చిన ఆమె మనుమడు, పదేండ్లవాడు, దవడకై చేయి చాచగా, “మెల్లగా నాన్నా, నీ సెల్లికి సిక్కు తీసినట్టు” అని ఆమె దానిని వాని చేతికిచ్చెను. మొదటి గింజ పీచు తెగెను, రెండవదియు తెగెను. నాలుగవదానికి వాని భుజములు దిగినవి, చేయి తేలికపడెను. దువ్విన ఆ గింజను అమ్మమ్మ వెలుతురునకెత్తి చూచి, రెండు మారులు తాను దువ్వి, జ్ఞాపకార్థమై వేరుగా దాచక, తన బుట్టలోని పత్తిలోనే వేసెను.