టెట్రాకు చుట్టమెవరు?

నియాన్ టెట్రా మూడు సెంటీమీటర్ల పొడవుండే చేప. ఒంటి మీద మెరిసే నీలం గీత, దాని కింద తోక వైపు ఎర్రటి చార. ప్రగతి నగర్ లాంటి కాలనీల్లోని అక్వేరియం దుకాణాల్లో దీని పక్క తొట్లలోనే రోజీ బార్బులు, జీబ్రా చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. చూసేవాళ్లకు అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. కానీ టెట్రాకు దగ్గరి చుట్టం ఆ తొట్లలో లేదు. చేపల మార్కెట్లో కిలోల లెక్కన తూచి అమ్మే రూప్‌చంద్ దానికి నిజమైన బంధువు.

ఈ చుట్టరికాన్ని పట్టిచ్చే గుర్తు కంటికి కనిపించేదే. నియాన్ టెట్రా గాజు దగ్గరికి వచ్చి పక్కకు తిరిగినప్పుడు, వీపు మీది వాజానికీ తోకకూ మధ్య చిన్న మెత్తటి వాజం ఇంకొకటి కనిపిస్తుంది. వెలుతురు పడితే తప్ప తెలియనంత పల్చన. దాన్ని కొవ్వు వాజం అంటారు. రోజీ బార్బుకు ఆ చోట ఏమీ ఉండదు. రూప్‌చంద్‌కు మాత్రం సరిగ్గా అక్కడే ఉంటుంది. అయితే ఈ ఒక్క ఆనవాలుతో తీర్పు చెప్పేస్తే పొరపాటే. జెల్లకూ కొవ్వు వాజం ఉంది, కానీ దానికి పొలుసులుండవు, మూతికి మీసాలుంటాయి. కొన్ని టెట్రాలకైతే కొవ్వు వాజమే లేదు.

అందుకే శాస్త్రజ్ఞులు పళ్లు కూడా చూస్తారు. రూప్‌చంద్ నోరు తెరిస్తే మనిషి పళ్లను తలపించే వరస కనిపిస్తుంది, తెలియనివాళ్లు ఉలిక్కిపడతారు. అదే బార్బుల క్రమానికి చెందిన బొచ్చె నోట్లో వేలు పెట్టి చూసినా పన్ను తగలదు. దాని పళ్లు గొంతులో ఉంటాయి. తలకాయ పులుసు ఇష్టంగా తినేవాళ్లకు మొప్పల వెనక తగిలే గట్టి ఎముక మీద కనిపించేవి అవే.

ఈ తేడాలను బట్టి టెట్రాలు, పిరానాలు, రూప్‌చంద్ కారాసిఫార్మిస్ అనే క్రమంలోకి వెళ్తాయి. బొచ్చె, రోహు, చెరువుల్లోని పరిగెలు, అక్వేరియం బార్బులు, జీబ్రా చేప సైప్రినిఫార్మిస్‌లోకి వస్తాయి. జెల్ల, వాలుగ, మార్పు మీసాల చేపల క్రమానివి. మూడు క్రమాలకూ పైమెట్టులో ఒక ఉమ్మడి లక్షణం ఉంది. వెన్నుపూసల ముందు భాగం నుంచి ఏర్పడిన చిన్న ఎముకల గొలుసు వాయుకోశంలోని కంపనాన్ని లోపలి చెవికి చేరవేస్తుంది. 1820లో ఎర్న్‌స్ట్ హైన్రిక్ వెబర్ వర్ణించడంతో వాటికి వెబీరియన్ అస్థికలని పేరు. అక్వేరియాల్లో కనిపించే గప్పీ, ఏంజెల్, గౌరామి మాత్రం ఈ గుంపుకు బయటివి. గౌరామి మన కొర్రమీనుకు దగ్గర.

కారాసిఫార్మిస్ చేపలు సహజంగా ఆఫ్రికాలోనూ అమెరికా ఖండాల్లోనూ తప్ప ఎక్కడా లేవు. కాంగో టెట్రా ఆఫ్రికాది, నియాన్ అమెజాన్‌ది. రూప్‌చంద్‌దీ దక్షిణ అమెరికా నదులే. ఆంధ్రా చెరువుల్లో పెంపకానికి తెచ్చాకే అది ఇక్కడి పళ్లేల్లోకి వచ్చింది.

టెట్రా అన్న మాటకు వంశంతో పనిలేదు. టెట్రాగొనోప్టెరస్ అనే ప్రజాతి పేరును అక్వేరియం వ్యాపారం ముక్కలు చేస్తే మిగిలిన మొదటి ముక్క అది. ఆ ప్రజాతికి 1816లో పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త క్యూవియే. అదే గ్రంథంలో ఆయన మన కానాగంతకు కూడా పేరు పెట్టాడు. విశాఖపట్నం చేపల మీద పాట్రిక్ రస్సెల్ 1803లో వేసిన పుస్తకంలోని తెలుగు పేరునే తీసుకుని 'కనగుర్తా' అన్నాడు. అది సముద్రపు చేపే, కానీ పేర్ల ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగువాళ్లు వదులుకోలేని ముచ్చట.

పేర్ల విషయంలో ముందు అచ్చయిందే చెల్లుతుంది. నియాన్ టెట్రాకు 1936లో జార్జ్ మయర్స్, అక్వేరియం పత్రిక నడిపే విలియం ఇన్నెస్ పేరు మీద 'ఇన్నెసి' అని పెట్టాడు. దాని కజిన్ కార్డినల్ టెట్రాకు ఎరుపు సగం దాకా కాక ఒళ్లంతా సాగుతుంది. 1956 ఫిబ్రవరి 20న లెనార్డ్ షుల్ట్జ్ దాన్ని మరో పత్రికాధిపతి హెర్బర్ట్ ఆక్సెల్‌రాడ్ పేరుతో 'ఆక్సెల్‌రాడి' అన్నాడు. మర్నాడే మయర్స్, వైట్జ్‌మన్ 'కార్డినాలిస్' అన్నారు. తగువు అంతర్జాతీయ జంతునామకరణ కమిషన్ దాకా వెళ్లి, ఒక్కరోజు ముందున్న పేరే నిలిచింది.

పేరు కుదిరినంత తేలిగ్గా ప్రజాతి కుదరలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్ల్ ఐగెన్‌మాన్ వంటివారు తోక మొదట్లో పొలుసులు ఉంటే ఒక ప్రజాతి, లేకుంటే ఇంకొకటి, పళ్ల వరసలు మారితే మరొకటి అని అరలు కట్టారు. గుర్తుపట్టడానికి పనికొచ్చే పద్ధతే. పుట్టుక తేల్చడానికి మాత్రం ఆ అరలు పనికిరాలేదని, బంధువులను విడదీసి పరాయివాటిని కలిపాయని డీఎన్‌ఏ బయటపెట్టింది. 2024లో కారాసిడే అనే పెద్ద కుటుంబాన్నే నాలుగుగా విడగొట్టారు. నియాన్ టెట్రా ఇప్పుడు అసెస్ట్రోరాంఫిడే కుటుంబంలో ఉంది. దుకాణాల చీటీల మీదా పాత పుస్తకాల్లోనూ ఇంకా పాత ఇంటిపేరే కనిపిస్తుంది.

ఏ అరలోనూ ఒదగనివీ ఉన్నాయి. అదృష్టం తెస్తుందని ఇళ్లలో పెట్టుకునే ఫ్లవర్‌హార్న్ మనుషులు సంకరం చేసి పుట్టించిన చేప, కాబట్టి దానికంటూ ఒక జాతి పేరు లేదు. మెరిసే గులాబీ, ఆకుపచ్చ రంగుల విడో టెట్రా కొత్త జాతి కాదు. జన్యువు మార్చినదో, రంగు పట్టించినదో అయినా లోపలిది పాత విడో టెట్రానే.

వర్గీకరణతో ఇంటి బయట కూడా అవసరం పడుతోంది. గాజుకు పట్టిన పాచి తింటుందని కొనే సక్కర్ చేప దక్షిణ అమెరికా మీసాల చేప. పెద్దదైపోయాక కొందరు చెరువుల్లో వదిలేశారు. గట్టి పలకల ఒంటితో, ముళ్ల వాజాలతో అది వలలు చింపుతుంటే జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. అందులో పోలికలు కలిసిన జాతులు, వాటి సంకరాలు ఉండటంతో ఒంటి మీది మచ్చలను చూసి ఫలానా అని చెప్పడం కష్టం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు చేపను పట్టకుండా, చెరువు నీటి నమూనాలో మిగిలిన డీఎన్‌ఏ ఆనవాళ్లతోనే అది అక్కడ చేరిందో లేదో చెప్పే పద్ధతిని తయారు చేశారు.