ఐదో దశ తుమ్ములు: మాత్ర, స్ప్రే, సూది, దేనికి ఏది?

ప్రతిసారీ పురుగు జబ్బుల గురించే రాసుకుంటాం. ఈసారి పురుగు మేపే మనుషుల గురించి.

నాలుగో జ్వరం లేచి పురుగు ఐదో దశకి వచ్చిందంటే మన ఇళ్ళల్లో ఎవరో ఒకరికి తుమ్ములు, కళ్ళ దురద, రాత్రిపూట దగ్గు మొదలవుతాయి. పంట మొత్తానికి తినే ఆకులో 80 శాతం పైనే పురుగు ఈ వారంలో తింటుంది, పెంటిక కూడా అదే లెక్కన పడుతుంది. అది ఎండి దుమ్మవుతుంది. పడకలపై చల్లే సున్నం, మందు పొడి దానికి తోడు. తరువాత గూళ్ళు విడిపించేటప్పుడు పైపీచు ఎగురుతుంది. రీలింగ్ ఫిలేచర్లలో ఈ పనివల్లనే ఆస్తమా వస్తుందని మన కర్ణాటకలో డాక్టర్లు 1980లలోనే రాశారు. పంట లేని రోజుల్లో బాగుండి, పంట వచ్చేసరికి మళ్ళీ మొదలైతే అది ఉత్త జలుబు కాదు, అలర్జీ అని అనుమానించాలి.

మన దగ్గర ఎక్కువమంది చేసేది ఒకటే. మెడికల్ షాపుకి పోయి "ముక్కు కారుతోంది, ఏదన్నా ఇవ్వు" అంటాం. ఆయన ఇచ్చేది చాలావరకు క్లోర్‌ఫెనిరమిన్ లేదా సెటిరిజిన్. రెండూ అలర్జీ మాత్రలే గానీ ఒకటి కాదు. క్లోర్‌ఫెనిరమిన్ పాతది, చవక, బాగా నిద్ర తెస్తుంది. రాత్రి మేత వేసేవాళ్ళు, మిషన్‌తో ఆకు కోసేవాళ్ళు, తెల్లవారుజామునే గూళ్ళు వేసుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకి బండి తోలేవాళ్ళు అది మింగకూడదు. సెటిరిజిన్ పెద్దవాళ్ళకి 10 మిల్లీగ్రాములది రోజుకి ఒకటి చాలు, కొందరికి అదీ మగత తెస్తుంది కాబట్టి పడుకునే ముందు మంచిది. నిద్ర అన్నిటికన్నా తక్కువ తెచ్చేది ఫెక్సోఫెనడిన్. దాన్ని నీళ్ళతోనే వేసుకోవాలి, పళ్ళరసంతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు.

ఈ మాత్రలు తుమ్ములకి, దురదకి, కారే ముక్కుకి, ఒంటిమీద దద్దులకి పనిచేస్తాయి. మూసుకుపోయిన ముక్కుకి అంతగా పనిచేయవు. ఈ ఒక్క సంగతి తెలియక రోజుకి రెండు, మూడు మింగేవాళ్ళు ఉన్నారు.

మూసుకున్న ముక్కుకి చుక్కల మందు వేస్తే నిమిషాల్లో తెరుచుకుంటుంది, నిజమే. అయితే జైలోమెటజోలిన్ వంటి ఆ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకి మించి వాడితే, మందు దిగగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. చివరికి ఆ చుక్కలు లేనిదే నిద్ర పట్టదు.

ప్రతి పంటకీ బాధపడేవాళ్ళకి మా లెక్కలో అన్నిటికన్నా మేలైనది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే, అంటే ఫ్లూటికసోన్, మొమెటసోన్ రకాలు. ముక్కు మూసుకోవడానికీ తుమ్ములకీ రెండిటికీ పనిచేస్తుంది, ఒంట్లోకి పోయే మందు చాలా తక్కువ. చిక్కేమిటంటే కొట్టిన వెంటనే గుణం కనబడదు, పూర్తిగా పట్టుకోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. అందుకే రెండు రోజులు వాడి "దండగ" అని పక్కన పెడతారు. చాకీ పురుగు ఇంటికి తెచ్చుకున్న రోజే మొదలుపెడితే ఐదో దశకి సరిగ్గా సరిపోతుంది. ఎడమ ముక్కులో కుడిచేత్తో, కుడి ముక్కులో ఎడమచేత్తో, మొన చెవివైపు ఉండేలా కొట్టాలి. ముక్కు నడిమి గోడకి తగిలితే రక్తం వస్తుంది. మొదటిసారి డాక్టరుకి చూపించుకునే మొదలుపెట్టండి.

సూది సంగతి వేరు. "ఒక్క సూదితో తగ్గిపోతాది" అనేది నిజమే, ఎందుకంటే అందులో తరచుగా ఉండేది డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్. ఏడాదికి ఆరేడు పంటలు తీసేవాళ్ళు పంటకొక సూది వేయించుకుంటే షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు బలం తగ్గుతాయి. ఏం వేస్తున్నారో అడిగి చీటీలో రాయించుకోవడం మన హక్కు. మాంటెలూకాస్ట్ కలిసిన మాత్ర కూడా పాత చీటీ చూపించి ఏళ్ళ తరబడి కొనేది కాదు. దానివల్ల కొందరికి పీడకలలు, దిగులు వస్తాయని అమెరికా మందుల శాఖ 2020లో గట్టి హెచ్చరిక ఇచ్చింది.

రొమ్ములో పిల్లికూతలు, ఆయాసం ఉంటే అలర్జీ మాత్రలతో కాలం గడపవద్దు. అది ఆస్తమా కావచ్చు, ఇన్‌హేలరు కావాలి. ఇన్‌హేలరు అలవాటైపోతుందని మనవాళ్ళకి ఒక భయం. లెక్క చూడండి: సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములు, ఇన్‌హేలరు ఒక్క పఫ్ 100 మైక్రోగ్రాములు. ఒక మాత్రలో 40 పఫ్‌ల మందు ఉంది! పైగా ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ ఒక్కటే చాలదు, లోపలి వాపు తగ్గించే ఇన్‌హేలరు కూడా ఉండాలని 2019 నుంచి ప్రపంచ ఆస్తమా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇంటి వైద్యంలో ఉప్పునీళ్ళతో ముక్కు కడగడానికి మేము ఓటు వేస్తాం. కాచి చల్లార్చిన లీటరు నీళ్ళకి 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీస్పూను. బోరు నీళ్ళు పచ్చివి వద్దు. ఆవిరి పట్టడం హాయిగా ఉంటుంది, అంతే, అలర్జీ పోదు.

ఫార్మలిన్ కొట్టినప్పుడు వచ్చే కంటి మంట, గొంతు మంట చాలావరకు అలర్జీ కాదు, ఆ మందు ఘాటు. దానికి సెటిరిజిన్ పనిచేయదు. దుమ్ముకి వాడే ఎన్95 మాస్కు కూడా ఆ ఆవిరిని ఆపదు, ఫార్మలిన్‌కి పనికొచ్చే ఫిల్టరు డబ్బా ఉన్న మాస్కు కావాలి. పంట అయ్యాక ఎండు చెత్త ఊడ్చేముందు 2 శాతం బ్లీచింగు, 0.3 శాతం సున్నపునీళ్ళు షెడ్డంతా కొట్టండి. రోగక్రిములు చస్తాయి, దుమ్మూ లేవదు. దీన్ని ఫార్మలిన్‌తో మాత్రం కలపవద్దు.

ఇన్ని చేసినా తగ్గనివాళ్ళకి చర్మపరీక్ష చేసి, పడని వస్తువునే కొద్దికొద్దిగా ఇచ్చే వైద్యం ఉంది. మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది, ఖర్చు ఎక్కువ, అలర్జీ నిపుణుల దగ్గరే చేయించుకోవాలి. పోయేటప్పుడు చాకీ తెచ్చిన తేదీ, ఐదో దశ తేదీలు, బాధ మొదలైన తేదీ, మింగిన మందుల పేర్లు కాగితంపై రాసుకుని పోండి.

ముఖం, నాలుక వాచి, ఊపిరి ఆడక, కళ్ళు తిరిగితే మాత్ర వెతుకుతూ కూర్చోకండి. దానికి అడ్రినలిన్ సూది ఒక్కటే మందు. వెంటనే 108కి ఫోన్ చేయండి.