ఎదురింటి కాపురం... ఎవరిదో తెలియదు!

పట్టపగలు. రెండు వైపులా ఒకే తీరుగా ఇళ్ళు, ఇళ్ళ ముందు చక్కగా కత్తిరించిన పచ్చిక. నడిరోడ్డు మీద ఒక కుర్రాడు తూలుతూ వస్తున్నాడు. చెయ్యి కాలి నెత్తురు కారుతోంది. అటుగా కారులో పోతున్న ప్రొఫెసరు బ్రేకు వేసి, పిల్లవాణ్ణి ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగు తీశాడు. ఎవరి బిడ్డా అని ఆరా తీస్తే తేలిందేమిటి? తన ఇంటికి ఎదురింటి వాళ్ళ అబ్బాయే! వాళ్ళు ఆ వీధికి వచ్చి కొన్నాళ్ళయింది. అయినా ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

1999లో వచ్చిన 'ఆర్లింగ్టన్ రోడ్' అనే అమెరికా సినిమా ఇలా మొదలవుతుంది. ఎరెన్ క్రూగర్ రాసిన కథను మార్క్ పెలింగ్టన్ తెరకెక్కించాడు. ప్రొఫెసరుగా జెఫ్ బ్రిడ్జెస్, ఎదురింటి ఇంజనీరుగా టిమ్ రాబిన్స్, అతని భార్యగా జోన్ క్యూసాక్ నటించారు. ఇందులో కత్తియుద్ధాలు లేవు. గుర్రాల మీద దొంగలు లేరు. ఉన్నదల్లా ఇరుగు పొరుగు. అయినా చూసినవాళ్ళు ఆ రాత్రి తలుపు గడియ రెండోసారి చూసుకునేట్టు చేసిన సినిమా ఇది.

కథ జరిగేది వాషింగ్టన్ నగరం పక్కన, వర్జీనియా రాష్ట్రంలోని రెస్టన్ అనే చోట. మన వైపు నుంచి కంప్యూటరు ఉద్యోగాలకు వెళ్ళిన పిల్లలు చాలామంది కాపురాలు పెట్టిన ప్రాంతం అది. పట్నమూ కాదు, పల్లే కాదు. పొద్దున కార్లెక్కి పోయి, సాయంత్రం తిరిగివచ్చి తలుపులు వేసుకునే శివారు కాలనీ. పల్లెలో అయితే ఆఖరి బస్సు దిగిన కొత్త మనిషిని రచ్చబండ దగ్గరే నలుగురు అడుగుతారు, ఎవరింటికి, ఏ ఊరు, ఎవరి తాలూకు అని. అది ఒక్కోసారి విసుగు పుట్టించే మాట కూడా నిజమే. అక్కడ మాత్రం అలా అడగడం మర్యాద కాదు. ఈ రకం కథలు పుట్టేది సరిగ్గా ఆ మర్యాదలోంచే.

ప్రొఫెసరు పేరు మైకేల్ ఫారడే. యూనివర్సిటీలో ఉగ్రవాదం గురించి పాఠాలు చెబుతాడు. భార్య ఎఫ్‌బీఐలో, అంటే మన సీబీఐ లాంటి శాఖలో పనిచేస్తూ, పైవాళ్ళ తొందరపాటు వల్ల జరిగిన కాల్పుల్లో చనిపోయింది. ఆ కడుపుమంట అతని పాఠాల్లోనూ బయటపడుతుంటుంది. తొమ్మిదేళ్ళ కొడుకుతో బతుకు ఈడుస్తున్నాడు. పిల్లవాణ్ణి కాపాడినందుకు ఎదురింటి వాళ్ళు భోజనానికి పిలిచారు. పిల్లలిద్దరికీ జత కుదిరింది. ఇంజనీరు ఒలివర్ లాంగ్ నవ్వుతూ మాట్లాడతాడు, భార్య మరీ కలుపుగోలు. ఇంకేం కావాలి?

ఒకరోజు పోస్టుమాన్ పొరపాటున ఎదురింటి ఉత్తరం ప్రొఫెసరు పెట్టెలో వేశాడు. పాత విద్యార్థులకు ఒక యూనివర్సిటీ పంపిన ఉత్తరం. లాంగ్ తాను చదివానని చెప్పిన చోటు అది కాదు. ఇంకోరోజు అతని బల్ల మీద ఒక ప్లాను కనబడింది. అంగళ్ళ సముదాయానిదని లాంగ్ చెప్పాడు. చూస్తే అలా లేదు. ఇవేనా ఆధారాలు అంటే, ఇవే. ఒక ఉత్తరం, ఒక ప్లాను కాగితం. ఫారడే పాత రికార్డులు తిరగేస్తే ఒలివర్ లాంగ్ అన్నది అసలు పేరే కాదని తేలింది. కుర్రతనంలోనే ప్రభుత్వ ఆఫీసుకు బాంబు పెట్టబోయి పట్టుబడినవాడు.

ఇక్కడే రచయిత గట్టివాడనిపిస్తుంది. ప్రొఫెసరు మాట ఎవరూ నమ్మరు. తోడుగా ఉంటున్న స్నేహితురాలే కొట్టిపారేస్తుంది. 'భార్య పోయిన దుఃఖంలో మతి చెడింది' అన్నట్టు చూస్తారు. చూసే ప్రేక్షకుడిక్కూడా సగం సినిమా దాకా అదే అనుమానం. ఈయన అన్నది నిజమా, లేక పాపం మంచివాళ్ళ మీద లేనిపోని నింద వేస్తున్నాడా? తరువాత ఆ స్నేహితురాలి కళ్ళ ఎదుటే ఒక అనుమానపు పని జరుగుతుంది. ఆమె టెలిఫోను బూత్‌లోకి వెళ్ళి కబురు చెబుతుంది. ఫోను పెట్టి తిరిగిచూస్తే ఎదురుగా లాంగ్ భార్య, నవ్వుతూ! మరి కాసేపటికి, కారు ప్రమాదంలో స్నేహితురాలు చనిపోయిందన్న వార్త. అంత చిన్న నవ్వు అంత భయం పెట్టడం సినిమాల్లో అరుదు.

చివర చెప్పకూడదంటారు గానీ, సినిమా వచ్చి పాతికేళ్ళు దాటింది. చెప్పకపోతే ఈ కథలో అసలు విషమేమిటో తెలియదు. ముఠా చేతిలో ఫారడే కొడుకు చిక్కుకున్నాడు. సరుకుల వాన్‌లో బాంబు పోతోందని నమ్మి ఫారడే కారులో వెంట తరిమాడు. వాన్ ఎఫ్‌బీఐ ప్రధాన కార్యాలయంలోకి దూరిందనుకుని కాపలావాళ్ళు వారిస్తున్నా లోపలికి దూసుకుపోయాడు. తీరా చూస్తే ఆ వాన్‌లో ఏమీ లేదు. బాంబు ఉన్నది అతని కారు డిక్కీలోనే! అది తెలిసిన మరుక్షణం భవనం పేలిపోయింది. కాపలాదారుల కళ్ళు కప్పి బాంబును లోపలికి చేర్చడానికి వాళ్ళకు కావలసింది ఇలా కంగారుగా దూసుకువచ్చే మనిషే. అతని అనుమానాన్నే బండిగా వాడుకున్నారు.

మర్నాటి వార్తల్లో ఏం వచ్చింది? భార్య చావుకు పగ తీర్చుకోవడానికి ఒక ప్రొఫెసరు ఒంటరిగా చేసిన ఘోరం అని. కేసు మూసేశారు. తండ్రి హంతకుడన్న పేరుతో కొడుకు బంధువుల పంచన చేరాడు. లాంగ్ దంపతులు ఇంటి ముందు 'అమ్మబడును' అన్న బోర్డు పెట్టి, తరువాత ఏ ఊరు పోదామా అని మాట్లాడుకుంటారు.

బాంబు పేలినందుకు కాదు, నేరం తప్పు మనిషి నెత్తిన పడి లోకమంతా సరేనన్నందుకు ఈ సినిమా మనసును పట్టుకుంటుంది.

అసలు జరిగింది

ఈ కథకు వెనక నిజంగా జరిగిన ఘోరం ఒకటుంది. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా నగరంలో ప్రభుత్వ కార్యాలయాల భవనం ముందు ఆపిన అద్దె ట్రక్కు పేలి 168 మంది చనిపోయారు. వారిలో 19 మంది పసిపిల్లలు. ఆ భవనంలోనే పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉండేది. వాడింది పొలానికి చల్లే ఎరువే.

మొదటి రోజు అందరి వేళ్ళూ ఎటు చూపించాయంటే పరదేశీయుల వైపు. టీవీల్లో పశ్చిమాసియా ఉగ్రవాదుల పనే అని వ్యాఖ్యానాలు. జోర్డాన్‌లో పుట్టి ఓక్లహోమాలో స్థిరపడిన ఒక అమెరికా పౌరుడు ఆ రోజు విమానంలో ఊరికి పోతుంటే లండన్‌లో ఆపి వెనక్కి పంపారు. అతనికి ఏ పాపమూ తెలియదు. బాంబు పెట్టిన తిమోతీ మెక్‌వీ అమెరికాలో పుట్టి, అమెరికా సైన్యంలో చేరి, గల్ఫ్ యుద్ధంలో పోరాడిన మనిషి. తోడ్పడిన టెర్రీ నికోల్స్ కాన్సాస్‌లో ఒక చిన్న ఊళ్ళో భార్యాబిడ్డలతో కాపురం ఉంటున్నవాడు. మెక్‌వీ దొరికిన తీరు కూడా వింతే. పేలిన గంటన్నరకు, కారుకు నంబరు ప్లేటు లేదని ఒక పోలీసు ఆపాడు. దగ్గర తుపాకీ ఉంటే లోపల వేశాడు. ఇతనే అతనని అప్పటికి ఎవరికీ తెలియదు. 2001 జూన్ 11న అతనికి మరణశిక్ష అమలైంది. నికోల్స్‌కు యావజ్జీవం పడింది.

కొట్టు వెనక కుట్ర

పొరుగువాడే కుట్రదారన్న కథ ఈనాటిది కాదు. 1894లో లండన్ దగ్గర గ్రీనిచ్ నక్షత్రశాల వద్ద ఒకడు తన చేతిలోని బాంబే పేలి చచ్చాడు. దాన్ని తీసుకుని జోసెఫ్ కాన్రాడ్ 1907లో 'సీక్రెట్ ఏజెంట్' నవల రాశాడు. అందులో కుట్రదారు వెర్లాక్ ఒక కొట్టు నడుపుకునే సంసారి. ఇంట్లో భార్య, అత్తగారు, తెలివి తక్కువ బావమరిది. వెర్లాక్ తన పని కోసం ఆ అమాయకుడి చేతికే బాంబు ఇచ్చి పంపుతాడు. వాడు దారిలోనే బలి అయిపోతాడు.

అదే కథను 1936లో హిచ్‌కాక్ 'సాబొటాజ్' పేరుతో సినిమా తీశాడు. ఇందులో వెర్లాక్ సినిమా హాలు యజమాని! బాంబులు చేసేవాడికి పిట్టల కొట్టు. కూతురు, మనవరాలు తిరుగుతున్న ఇంట్లోనే మందు దాచుకుంటాడు. ఇంకా తమాషా ఏమంటే హాలు పక్కన కాయగూరల అంగట్లో పనిచేసే కుర్రాడు నిజానికి మారువేషంలో ఉన్న పోలీసు. అంటే వీధిలో ఇద్దరూ నాటకమే ఆడుతున్నారు. నిజంగా బతుకుతున్నది ఆ ఇల్లాలూ, ఆమె తమ్ముడూ మాత్రమే.

ఆ పిల్లవాడు సినిమా రీళ్ళ డబ్బాలతోపాటు బాంబు పొట్లం పట్టుకుని బస్సెక్కుతాడు. అందులో ఏముందో వాడికి తెలియదు, చూసేవాళ్ళకు తెలుసు. దారిలో ఊరేగింపు అడ్డం, రోడ్డు మీద సరుకు అమ్మేవాడి ఆలస్యం, బస్సులో పక్కన ఒక కుక్కపిల్ల. మన టూరింగ్ టాకీసుల్లో అయితే నేల టిక్కెట్టు జనం 'దిగరా, దిగిపోరా' అని కేకలు పెట్టేవారే. హిచ్‌కాక్ చెప్పే సూత్రం కూడా ఇదే. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తే, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు పిచ్చాపాటీ మాట్లాడినా గుండె అదురుతుంది. పిల్లవాణ్ణి చంపేసి తప్పు చేశానని ఆయన తరువాత చెప్పుకున్నాడు. జనం క్షమించలేదట. క్షమించకపోవడంలో జనం తప్పేమీ కనబడదు.

మన జిల్లా కుర్రాళ్ళు

ఈ రకం కథను మన దేశానికి గట్టిగా తెచ్చినవారిలో ఇద్దరు ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్ళే. రాజ్ నిడిమోరుది తిరుపతి, డీకే అని పిలిచే కృష్ణ దాసరికొత్తపల్లిది చిత్తూరు. ఇద్దరూ ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ సినిమాలు తీయడం మొదలుపెట్టారు. 2019లో వచ్చిన 'ఫ్యామిలీ మ్యాన్' ధారావాహిక వాళ్ళదే. ఫోనుల్లో, టీవీల్లో పల్లెల్లోనూ చూశారు.

ఇందులో ఇల్లు దాచేది నేరస్తుణ్ణి కాదు, నేరస్తుల్ని పట్టే అధికారిని. మనోజ్ బాజ్‌పాయ్ వేసిన శ్రీకాంత్ తివారీ బొంబాయిలో అపార్టుమెంటు మనిషి. ఇంటి లోను బెంగ, పిల్లల బడి, భార్యతో పేచీ. తాను గూఢచారి శాఖ మనిషినని పిల్లలకు కూడా తెలియదు. 2021లో వచ్చిన రెండో భాగంలో మద్రాసు మిల్లులో తలవంచుకుని పనిచేసుకునే ఆడపిల్లగా సమంత నటించింది. ఆ తలవంపు వెనక ఎంత యుద్ధం నేర్చిన మనిషి ఉందో మేస్త్రీకి తెలియదు. తెలిసే సరికి వాడు మిగలడు.

అయితే మొదటి భాగంలో అందరికీ గుర్తుండేది కరీం అనే కాలేజీ కుర్రాడు. అతను స్నేహితులతో కలిసి ఏదో నిరసన చేయబోతే, ఉగ్రవాదులనుకుని వెంటాడి కాల్చేస్తారు. కాల్చింది కథానాయకుడి జట్టే. అందరి మెప్పు కోసం తీసే కథలో ఇలాంటి మరక కథానాయకుడికి అంటించాలంటే ధైర్యం ఉండాలి.

హైదరాబాదు ఇవి రెండూ చూసింది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళ మీద పెట్టిన బాంబులు పేలాయి. నేరస్తులు అంతకుముందు నగర శివారులో గది అద్దెకు తీసుకుని మామూలు కుర్రాళ్ళలా గడిపారని దర్యాప్తు చెప్పింది. 2016 డిసెంబరులో ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు 5 గురికి మరణశిక్ష వేసింది. కాబట్టి శివారు అద్దె గది సినిమావాళ్ళ కల్పన కాదు.

దానికి ఆరేళ్ళ ముందు, 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం ప్రార్థనల వేళ బాంబు పేలింది. ఆ తరువాత పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. చదువుకుంటున్నవాళ్ళు, చిన్న పనులు చేసుకుంటున్నవాళ్ళు. కోర్టుల్లో వాళ్ళ మీద నేరం నిలవలేదు. బయటికి వచ్చాక పని ఇచ్చేవాడు, పిల్లనిచ్చేవాడు, ఇల్లు అద్దెకిచ్చేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు కదా. 2012లో రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. ఆ ఉత్తర్వు చెల్లదని 2013లో హైకోర్టు కొట్టివేసింది.

ఈలోగా దర్యాప్తు మరో దారి పట్టి వేరే ముఠా మీద కేసు నడిచింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు ఆ 5 గురినీ సాక్ష్యాలు చాలవని విడిచిపెట్టింది. మసీదులో ఆ బాంబు పెట్టినవాళ్ళు ఫలానా అని ఏ కోర్టూ తేల్చలేదు.