ఎండతో నడిచే ఇంటి సర్వర్.. రాత్రి లెక్కే కీలకం

అనంతపురం: నంబులపూలకుంటలో వేల ఎకరాల్లో ఫలకాలు పరచి వందల మెగావాట్ల సౌర విద్యుత్తును తీస్తున్న ప్రాంతమిది. అదే ఎండతో ఇంటి మిద్దెపై ఓ చిన్న సర్వర్‌ను రేయింబవళ్లు నడపవచ్చా? నడపవచ్చు. అయితే సామగ్రి కొనడానికి ముందే కాగితంపై కొంత లెక్క వేసుకోవలసి ఉంటుంది.

సర్వర్ అనగానే ఏసీ గదులు, బీరువాలంత యంత్రాలు గుర్తుకొస్తాయి. నిజానికి ఒక కంప్యూటర్ ఎప్పుడూ పనిచేస్తూ, అడిగిన వారికి అడిగిన ఫైలును అందిస్తే అదే సర్వర్. ఇంటిల్లిపాది ఫొటోలు, పొలం పత్రాల నకళ్లు, పిల్లల పాఠాలు అందులో భద్రపరచి వైఫై ద్వారా సెల్‌ఫోన్‌లో చూసుకోవచ్చు. ఇందుకు ఇంటర్నెట్ సైతం అక్కర్లేదు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను అందులో నింపుకొనే వీలుంది. సిగ్నల్ సరిగా అందని ఊరి బడికి ఇది చిన్న విషయం కాదు.

పాత కంప్యూటర్‌తో కుదరదు

మూలన పడిన డెస్క్‌టాప్‌నే వాడుకుందామనుకుంటే అది ఊరకే ఉన్నా 50 వాట్ల వరకు లాగుతుంది. రోజుకు యూనిట్‌కు పైగా ఖర్చవుతుంది. అరచేతిలో ఇమిడే రాస్‌ప్బెర్రీ పై వంటి బోర్డుకు సాధారణ పనికి అయిదు వాట్లు చాలు. అంటే రోజుకు 120 వాట్ అవర్లు. వైఫై అందులోనే ఉంటుంది కనుక వేరే రూటర్ లేకున్నా పని జరుగుతుంది.

100 వాట్ల ప్యానెల్‌కు రోజులో నిండు ఎండ నాలుగున్నర గంటలు దొరుకుతుందనుకుంటే, వేడికి, దుమ్ముకు, తీగల్లో పోయేది తీసేసినా 300 వాట్ అవర్లు మిగులుతాయి. అవసరానికి రెండున్నర రెట్లన్నమాట. ఇది దుబారా కాదు. ముసురు పట్టిన రోజున అందులో నాలుగో వంతు రావడమూ కష్టమే.

బ్యాటరీ దగ్గరే చిక్కు

చాలామంది ప్యానెల్ పెద్దది కొని బ్యాటరీ వద్ద పొదుపు చేస్తారు. దెబ్బతినేది అక్కడే. లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచూ సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. 12 వోల్టుల 40 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 480 వాట్ అవర్లు, వాడదగినది 240. ఎండ లేకున్నా రెండు రోజులు నెట్టుకురావచ్చు. 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకు దీని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి మే నెల ఎండలకు కాగే రేకుల షెడ్డులో పెట్టరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఎక్కువ లోతుకు వాడుకోవచ్చు గానీ ధర ఎక్కువ.

మరో పొరపాటు ఇన్వర్టర్. అయిదు వాట్ల బోర్డు కోసం పెట్టిన ఇన్వర్టర్ తన సొంతానికే అంతకు మించి మింగేయవచ్చు. 12 వోల్టులను నేరుగా 5 వోల్టులకు తగ్గించే చిన్న కన్వర్టర్ మేలు.

స్పెయిన్‌లోని బార్సిలోనాలో ‘లో టెక్ మ్యాగజైన్’ 2018లో తన వెబ్‌సైట్‌ను ఇలాగే సౌర సర్వర్‌పైకి మార్చింది. 50 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీతోనే నెట్టుకొచ్చింది. ఫొటోలను కుదించి పేజీల బరువు తగ్గించడంతో సర్వర్ వినియోగం ఒకటి నుంచి రెండున్నర వాట్లకు మించలేదు. మబ్బులు వీడకపోతే సైట్ ఆగిపోతుందని పాఠకులకు ముందే చెప్పేశారు. ఇంటి అవసరానికీ ఆ మాత్రం సర్దుబాటు తప్పదు.

ఆగడం కంటే అర్ధాంతరంగా ఆగడమే ప్రమాదం. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే మెమరీ కార్డు చెడి, ఏళ్ల నాటి ఫొటోలు పోవచ్చు. బ్యాటరీ అడుగంటకముందే బోర్డు దానంతట అదే పద్ధతిగా ఆగేలా ఏర్పాటు చేసుకోవాలి. ముఖ్యమైన ఫైళ్ల నకలు వేరే డిస్కులో ఉంచుకోవాలి.

ప్యానెల్‌ను దక్షిణ ముఖంగా సుమారు 15 డిగ్రీల వాలుతో బిగించాలి. వారానికోసారి ఎండెక్కక ముందే తడిబట్టతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాగిన అద్దంపై చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది.