పడవ ఎక్కకముందు అడుగవలసిన ప్రశ్నలు

గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ తీరాన పుట్టి పెరిగిన మనకు పడవ కొత్త వస్తువు కాదు. వంతెనలు రాకముందు రావులపాలెం చుట్టు తిరగదలచనివారు కోటిపల్లి రేవులోనో, ఎదుర్లంక రేవులోనో పంటు ఎక్కి ఆవలి ఒడ్డుకు చేరేవారు. సఖినేటిపల్లి నుండి నరసాపురం పోవుటకు కూడ రేవే దారి. ఎదుర్లంక, యానాంల మధ్య 2002లో వంతెన వచ్చిన తరువాత ఆ అవసరం చాలవరకు తగ్గినది. అవసరం తగ్గిన చోటనే వినోదం మొదలైనది. నేడు దిండిలో ఇంటిపడవలు ఉన్నాయి. పాపికొండలకు లాంచీ ప్రయాణం ఉన్నది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నైలకు పెద్ద విహార నౌక కూడ బయలుదేరినది.

విహారయాత్ర ప్రస్తావన వచ్చినప్పుడెల్లా విద్యార్థులు మమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతుంటారు. ఏమేమి తెచ్చుకోవాలి? కడుపులో తిప్పుతుందా? భోజనం ఎక్కడ? ఇవన్నీ అడుగదగినవే. కాని పడవ నీటిలో ఒరిగితే మన గతి ఏమిటని అడిగినవారు మాకు ఇంతవరకు తారసపడలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న కొరకే.

మన పెద్దల తరంలో హజ్ యాత్రికులు బొంబాయిలో ఓడ ఎక్కి జిద్దా చేరేవారు. ఆ ఓడ ప్రయాణం 1995లో ఆగిపోయినది. సముద్రం ఎరుగని ఆ యాత్రికులు నెలల ముందునుండి విచారణ చేసేవారు. పడక ఎక్కడ, మంచినీరు ఎంత, జబ్బు చేస్తే వైద్యుడు ఉన్నాడా అని ఒకటికి పదిసార్లు అడిగి తెలుసుకొనేవారు. వారు నీటికి కొత్తవారు కనుక అడిగారు. మనము నీటికి పాతవారము కనుక అడగము. మన వాడుకలోని సరంగు, లంగరు, బందరు అనే మాటలు పారసీకం నుండి వచ్చినవే. ఉర్దూ చదివిన విద్యార్థికి, తెలుగు చదివిన విద్యార్థికి ఈ మాటలు సమానంగా తెలిసినవే. మాటలు తెలిసినంత మాత్రాన నీరు మనకు చుట్టము కాదు.

ఈ ఉపదేశం చేయుటకు ముందు మా తప్పు మేము ఒప్పుకొనవలసి ఉన్నది. కొన్నేళ్ల క్రిందట విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక లాంచీ ఎక్కాము. రక్షణ జాకెట్లు ఒక మూలన త్రాటితో మూటగట్టి ఉన్నాయి. మూట విప్పమని మేము అడగలేదు. లాంచీలో ఎందరు ఎక్కవచ్చునో అడగలేదు. కొండల మలుపు రాగానే ఛాయాచిత్రాల కోసం పిల్లలందరు ఒక్క ప్రక్కకు పరుగెత్తినారు. లాంచీ ఒరిగినది, మళ్లీ సర్దుకొన్నది. పిల్లలు నవ్వినారు, మేమూ నవ్వినాము. ఏమీ జరుగలేదు. ఏమీ జరుగనందుననే మా తప్పు మాకు చాలకాలం తెలియలేదు.

2018 జూలైలో మన ఐ.పోలవరం మండలంలోని పశువుల్లంక వద్ద బడిపిల్లలు ఉన్న నాటుపడవ, కట్టుచున్న వంతెన స్తంభాన్ని తాకి తిరగబడినది. ప్రాణాలు కోల్పోయినవారిలో ఎక్కువమంది విద్యార్థులే. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పాపికొండల యాత్రకు పోవుచున్న లాంచీ గోదావరిలో మునిగినది. అందులో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే బయటపడగలిగినారు. ఈ రెండు వార్తలు చదివిన తరువాతనే మాకు ఆనాటి జాకెట్ల మూట గుర్తుకు వచ్చినది.

పడవ ఎందుకు తిరగబడుతుందో మన కొబ్బరి బండిని చూచి తెలుసుకొనవచ్చును. కాయలు బండి అడుగున సర్దితే గట్టు మీద కుదుపు వచ్చినా నిలుస్తుంది. అదే బరువు ఎత్తుగా పేర్చితే చిన్న గుంతకే ఒరుగుతుంది. లాంచీ పైఅంతస్తులో జనం నిండినకొద్దీ బరువు పైకి చేరుతుంది. వారందరు ఒక ప్రక్కకు జరిగితే ఒరుగు పెరుగుతుంది. సరిగా అదే సమయంలో మలుపులోని సుడి తగిలితే పడవ తిరిగి లేవలేదు. కనుక పడవ ఎంత పెద్దదనుట ఒక్కటే చాలదు. బరువు ఎక్కడ ఉన్నదనుట కూడ ముఖ్యమే.

ఇక రేవులో అడుగవలసిన ప్రశ్నలు. మొదటిది, ఈ పడవకు అనుమతి ఉన్నదా? లోతట్టు జలరవాణా నౌకల చట్టం 2021 ప్రకారం యంత్రంతో నడిచే నౌకకు నమోదు, తనిఖీ పత్రం ఉండవలెను. ఎందరిని ఎక్కించవచ్చునో తెలుసుకొని, ఎక్కినవారిని మనమే లెక్కించవలెను. ఒడిలోని పసిబిడ్డ కూడ లెక్కలోనిదే.

రెండవది, జాకెట్లు ఎన్ని? తల ఒక్కింటికి ఒకటి ఉండవలెను, పిల్లలకు పిల్లల కొలతవి ఉండవలెను. జాకెట్టును ఒడ్డుననే తొడిగి, పట్టీలు బిగించి, దిగువరకు ఉంచుకొనవలెను. ఉక్కపోతగా ఉన్నదని విప్పి ఒడిలో పెట్టుకొన్న జాకెట్టు ఎవరినీ తేల్చదు. ఈత వచ్చినవారికి అక్కరలేదనుట పొరపాటు. వరదనీటి వడిలో చెరువులో నేర్చిన ఈత సాగదు.

మూడవది, నది ఎట్లున్నది? ధవళేశ్వరం బ్యారేజి వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కుల దరిదాపున ఉంటుంది. కచ్చులూరు దుర్ఘటన నాడు నదిలో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు మాత్రమే. అనగా గ్రామాలకు హెచ్చరిక రాకముందే పడవకు ప్రమాదం వచ్చినది. హెచ్చరిక ఏదీ లేదు కదా అని బయలుదేరుట తగదు. వరదలు తగ్గి నది నెమ్మదించిన నవంబరు నుండి ఫిబ్రవరి వరకు యాత్రకు అనువైన కాలము.

నాలుగవది, సరంగు ఎవరు? ఆ దారిలోని మలుపులు, సుడులు, ఇసుక మేటలు ఎరిగినవాడేనా? గాలివాన కనిపిస్తే పడవను ఒడ్డుకు చేర్చు అధికారం అతనిదే. త్వరపడుమని అతనిని తొందరపెట్టకుండుట మన కర్తవ్యం.

సముద్ర నౌకలలో ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పుటకు ఒక పద్ధతి ఉన్నది. ప్రమాదం వస్తే ఎక్కడ చేరవలెనో, జాకెట్టు ఎట్లు తొడగవలెనో ప్రయాణికులందరిచేత అభ్యాసం చేయిస్తారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే విహార నౌక రాతికి తగిలి ఒరిగి 32 మంది మరణించినారు. ఆనాడు నౌక ఎక్కిన కొన్ని వందల మందికి అభ్యాసం ఇంకా జరుగలేదు. బయలుదేరిన 24 గంటలలో చేయించవచ్చునని అప్పటి నియమం. ఆ తరువాత, బయలుదేరకముందో బయలుదేరిన వెంటనేనో అభ్యాసం జరిపించి తీరవలెనని నియమం మార్చినారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే అది అపాయ సూచన. ఈ సంగతి విశాఖలో నౌక ఎక్కువారు మనసున ఉంచుకొనవలెను.

ఇప్పుడు విద్యార్థులు అడిగే ప్రశ్నలకు వద్దాము. కడుపులో తిప్పువారు నౌక నడిమి భాగంలో, క్రింది అంతస్తులో కూర్చుండవలెను. అక్కడ ఊగుట తక్కువ. పుస్తకము, ఫోను ప్రక్కనబెట్టి దూరాన ఆకాశం నీటిని కలిసే గీతను చూడవలెను. ఖాళీ కడుపు, నిండు కడుపు రెండును మంచివి కావు. మాత్ర వేసుకొనువారు వైద్యుని అడిగి ప్రయాణానికి ముందే వేసుకొనవలెను. నిత్యం వాడు మందులు, గుర్తింపు కార్డు తడవని సంచిలో దగ్గరనే ఉంచుకొనవలెను. ఫోను సంకేతం కొండల నడుమ అందకపోవచ్చును. కావున తిరిగి వచ్చు వేళ ఇంటివారికి ముందుగానే చెప్పి పోవుట మేలు.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి. విహారయాత్రకు సొమ్ము చెల్లించుటకు ముందు పై నాలుగు ప్రశ్నలకు సమాధానాలు వ్రాతమూలకంగా తీసుకొనవలెను. ఎక్కునప్పుడు, దిగునప్పుడు పేరు పేరున హాజరు పిలువవలెను. రేవులో నిలబడి ఏ అధ్యాపకుడైనా ఈ పడవ వద్దని చెప్పితే, కట్టిన సొమ్ము పోయినా అతని మాట నెగ్గవలెను. విద్యార్థుల నిరుత్సాహం ఒక పూటది. ఆనాడు ఆ మాట చెప్పు ధైర్యం మాకు లేకపోయినది. అటువంటి ధైర్యానికి కమిటీ అండ ముందే ఉన్నచో, ఇక మీదట రేవులో జాకెట్ల మూట విప్పించనిదే ఏ అధ్యాపకుడూ పడవపై కాలు మోపడు.