ఎక్స్‌రే ఫిలిములో కనబడిన నీళ్ళ జబ్బు

నడుము వంగదు, మెడ తిరగదు. పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగవలసిందే. కూర్చుంటే లేవడానికి గోడ ఆసరా కావాలి. నలభై ఏళ్ళకే ముసలితనం మీద పడ్డ ఇట్టి వారు ఒకప్పుడు నల్లగొండ జిల్లా పల్లెల్లో ఎందరో ఉండేవారు. కీళ్ళవాతమని కొందరు, చేసుకున్న కర్మమని కొందరు సరిపెట్టుకున్నారు. మా నేలకొండపల్లి నుంచి కోదాడ దారి పడితే కొద్ది మైళ్ళకే ఆనాటి నల్లగొండ జిల్లా వచ్చేస్తుంది. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. చుట్టరికాలకు జిల్లా సరిహద్దులు అడ్డు రావు గదా! కనుక ఈ జబ్బు సంగతి మా వైపు వారికీ కొత్త కాదు.

దీని గుట్టు బయటపెట్టిన సాక్షి ఎక్స్‌రే.

జర్మనీలో రాంట్‌జన్ పండితుడు 1895 నవంబరు 8న ఈ కిరణాలను కనిపెట్టాడు. ఏమిటో తెలియని కిరణాలు కనుక, లెక్కల్లో తెలియని రాశికి పెట్టే 'ఎక్స్' అక్షరాన్నే పేరుగా పెట్టాడు. తెలిసిన తరువాత కూడా ఆ పేరే నిలిచిపోయింది. ఆయన దానిమీద పేటెంటు హక్కు తీసుకోలేదు. 1901లో భౌతిక శాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనదే.

ఎముకలో సున్నపు పాలు ఎక్కువ. అది కిరణాలను ఆపుతుంది కనుక ఫిలిముపై ఎముక తెల్లగా పడుతుంది. కండ బూడిదరంగులోనూ, గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగానూ కనిపిస్తాయి. 1932లో డెన్మార్కులో ఇద్దరు వైద్యులు క్రయొలైటు అనే ఖనిజాన్ని దంచే కార్మికులకు ఎక్స్‌రే తీశారు. వారు చూడబోయింది ఊపిరితిత్తులు, కనిపించింది ఎముకలు! సహజంగా ఉండవలసిన దానికంటే ఎంతో తెల్లగా, సుద్దముక్కల్లా ఉన్నాయి. ఆ ధూళిలోని ఫ్లోరిను ఎముకల్లో చేరిపోయిందన్న మాట.

డెన్మార్కులో అది ఫ్యాక్టరీ జబ్బు. మన దేశంలో అది బావి నీళ్ళ జబ్బు అని ఐదేళ్ళకే తేలింది. 1937లో షార్ట్ దొర, ఆయన సహచరులు నెల్లూరు జిల్లా పల్లెల్లో పరిశోధించి ఈ సంగతి ప్రకటించారు. మద్రాసులో రేడియాలజీ సంస్థకు ఎవరి పేరు పెట్టారో ఆ బర్నార్డు కూడా ఆ బృందంలో ఉన్నాడు. ఆపైన 1955లో డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. తరతరాల కర్మకు రాతిపొరల్లోని ఫ్లోరైడు అని పేరు దొరికింది. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని లెక్క.

అయితే ఎముక తెల్లబడగానే ఫ్లోరోసిస్ అని తీర్పు చెప్పడానికి వీల్లేదు. మగవారిలో ప్రోస్టేటు గ్రంథి కాన్సరు ఎముకలకు పాకినప్పుడు కూడా ఫిలిములో అవి తెల్లబడతాయి. రెంటికీ పొరపాటు పడితే రోగి గతి ఏం కావాలి? అనుభవజ్ఞుడైన వైద్యుడు ఇక్కడ ముంజేయి ఫిలిము అడుగుతాడు. ముంజేతిలో రెండు ఎముకల నడుమ పలచని పొర ఒకటుంటుంది. ఫ్లోరోసిస్‌లో ఆ పొర కూడా సున్నం పట్టి ఎముకలా గట్టిపడి, అంచున ముళ్ళులాగా ఫిలిముపై కనిపిస్తుంది. వెన్నుపూసలను కట్టిపట్టే స్నాయువులదీ ఇదే కథ. వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోయేది అందుకే. ముంజేయి ఫిలిముకు పెద్ద ఖర్చు లేదు, దీనికోసం మహానగరం పోనక్కరలేదు. చదివే కన్ను కావాలి, అంతే.

అటువంటి కళ్ళను తయారు చేసిన తెలుగువాడు డాక్టర్ కాకర్ల సుబ్బారావు. 1925లో కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో రేడియాలజీ నేర్చారు. ఎముకల ఫిలిములు చదవడంలో దిట్ట. అమెరికాలో ఆచార్యులై, అక్కడి తెలుగువారి సంఘం 'తానా'కు తొలి అధ్యక్షులైనవారు, ఎన్.టి. రామారావు పిలుపుమీద హైదరాబాదు వచ్చి నిమ్స్‌కు మొదటి డైరెక్టరయ్యారు. నిమ్స్ మొదట ఎముకల ఆసుపత్రే కావడం తమాషా! 2000లో పద్మశ్రీ అందుకున్నారు. 2021లో కన్నుమూశారు.

ఎక్స్‌రేకు ఒక లోపం ఉంది. ముందున్నదీ వెనకున్నదీ ఒకే నీడగా పడతాయి. గ్రామఫోన్ రికార్డులమ్మే ఇ.ఎం.ఐ. కంపెనీలో ఇంజనీరు హౌన్స్‌ఫీల్డ్ దీనికి ఉపాయం పన్నాడు. చుట్టూ తిరుగుతూ కిరణాలు పంపి, లెక్కకట్టి, శరీరాన్ని ముక్కలు కోసి చూపినట్టు చూపాడు. 1971లో లండన్‌లో తొలి రోగి మెదడును అలా చూశారు. ఇదే సి.టి. స్కాన్. తరువాత వచ్చిన ఎం.ఆర్.ఐ.లో ఎక్స్ కిరణాలే లేవు. పెద్ద అయస్కాంతంలో పడుకోబెట్టి, ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రొజను చేత కబుర్లు చెప్పిస్తారు. నీటివల్ల వచ్చిన జబ్బును ఒంటి నీటినే అడిగి తెలుసుకోవడం!

ఫ్లోరోసిస్ రోగికి దీని అవసరం ఎక్కడ వస్తుందంటే, వెన్నుపూసల లోపల ఎముక పెరిగి వెన్నుపామును నొక్కినప్పుడు. కాళ్ళు తిమ్మిరెక్కి, క్రమేణా చచ్చుబడతాయి. హైదరాబాదులో న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఏళ్ళ తరబడి ఇట్టి రోగులనే పరిశీలించారు. నొక్కుడు ఎక్కడో తెలిస్తేనే గదా కత్తి ఎక్కడ పెట్టాలో తెలిసేది!

మా వైపు 'స్కానింగ్' అంటే గర్భిణులకు చేసేదే అనుకుంటారు. అది శబ్దతరంగాల పని, కిరణాలు లేవు. సి.టి.లో మాత్రం ఛాతీ ఎక్స్‌రేకు పదుల రెట్లు కిరణాలు ఒంట్లోకి పోతాయి. కొందరు "స్కానింగ్ చేయించుకున్నాక కాస్త నయమనిపిస్తోందండీ" అంటుంటారు. యంత్రం చూస్తుందే గాని మందు వేయదు. డాక్టరు అడగని సి.టి.ని మనమే అడిగి తీయించుకోవడం తగని పని. తీయించుకున్న పాత ఫిలిము పారేయడం అంతకంటే తగదు. ఎముక పోయినేటి కంటే ఎంత తెల్లబడిందో పోల్చి చెప్పేది అదొక్కటే.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. నదుల నీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా ఇంటింటికీ పంపే పథకమిది. మంచినీరు తాగి పెరిగిన పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు పడవు. బిగుసుకున్న తాతల వెన్నును వంచే మందు మాత్రం ఇంకా రాలేదు.