వడపోత

నీటిని నిర్మలం చేయడానికి తెలుగులో రెండు మాటలున్నవి. ఒకటి తేర్చడం, రెండవది వడగట్టడం. బురదనీటి కుండ లోపలి అంచుకు చిల్లగింజ రుద్ది కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది, అది తేర్చడం. కుండమూతికి పలుచని గుడ్డ కట్టి నీరు పోస్తే నలుసు గుడ్డమీద నిలిచిపోతుంది; అది వడగట్టడం. మొదటిదానికి ఓర్పు చాలును. రెండవదానికి గుడ్డ కావలెను, ఆ గుడ్డను ఎప్పటికప్పుడు ఉతికే చేయి కూడ కావలెను. వంటింట్లో కాఫీ వడగట్టే గిన్నెను ప్రతి దినమూ కడుగుతాము. ఇంటిముందు నిలిచిన కారులోనూ అటువంటి వడపోత ఒకటి ఉన్నదనే సంగతి దాని యజమానులలో పలువురికి తెలియదు.

పెట్రోలుకు వడపోత దేనికని విద్యార్థులు అడగవచ్చును. బంకులో పోయించుకున్నప్పుడు అది శుభ్రంగానే ఉండవచ్చు. కాని పాతకారు ట్యాంకు ఇనుపరేకుతో చేసినది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి రాత్రివేళ చల్లబడినప్పుడు అందులోని తేమ నీటిబొట్లుగా మారి రేకుకు అంటుకుంటుంది. రేకు తుప్పు పడుతుంది. ఆ తుప్పుపొడి, ముదిరిన రబ్బరుగొట్టాల పొట్టు, మూతదగ్గర చొరబడిన దుమ్ము, అన్నీ పెట్రోలుతోబాటు ఇంజను వైపు పయనమవుతవి. అక్కడ కార్బ్యురేటరులో పెట్రోలు దూరవలసిన రంధ్రం వెడల్పు మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. బండి నిలిచి ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు పనిచేసే రంధ్రం అంతకంటె సన్నం. ఒక్క నలుసు చాలును.

ఈ బాధ మోటారుకారుతోబాటే పుట్టినది. 1888 ఆగస్టులో, జర్మనీలో, కార్ల్ బెంజ్ భార్య బెర్తా తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకుండా ఆయన నిర్మించిన మూడు చక్రాల బండిలో మాన్‌హైం నుండి ఫోర్ట్స్‌హైంకు బయలుదేరినది. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. మధ్యలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోగా, ఆమె తన టోపీసూది తీసి ఆ గొట్టాన్ని పొడిచి శుభ్రం చేసినదట. మోటారు చరిత్రలో ప్రసిద్ధమైన ఆ దూరప్రయాణమే ఈ చిన్న అడ్డంకిని ఎదుర్కొన్నదన్నమాట.

తరువాతి కాలపు జీపులలోను, మరెన్నో కార్లలోను పెట్రోలు పంపుకు ఒక గాజుగిన్నె ఉండేది. పెట్రోలు అందులోకి వచ్చి నెమ్మదించగానే, దానికంటె బరువైన నీరు, మట్టి అడుగున నిలిచేవి. పైనున్న సన్నని తీగవల మిగిలిన నలుసును ఆపేది. అనగా తేర్చడం, వడగట్టడం రెండూ ఒకే గిన్నెలో జరిగేవి. బానెట్టు ఎత్తిన డ్రైవరుకు అడుగున మడ్డి కంటికి కనబడేది. మర విప్పి కడిగి మళ్లీ బిగించేవాడు. ఆ తరువాత వచ్చినది కాగితపు ఫిల్టరు. విసనకర్రలా మడతలు పెట్టిన కాగితాన్ని ఒక చిన్న డబ్బాలో ఇమిడ్చి, గొట్టం మధ్య అతికిస్తారు. మడతలవల్ల కొద్దిచోటులో ఎక్కువ కాగితం పడుతుంది, తీగవలలో దూరిపోయే నలుసును కూడ అది ఆపుతుంది. పనిలో ఇది మేలు, సందేహం లేదు. కాని డబ్బా రేకుదయితే లోపల ఏమున్నదో కనబడదు. ప్లాస్టిక్‌దైనా కొన్నేండ్లకు మసకబారుతుంది. యజమానికి బుద్ధి చెప్పడంలో మాత్రం గాజుగిన్నెయే మేలని నా అభిప్రాయం.

ఈ ఫిల్టరు పూడుకుపోతే వచ్చే చిక్కేమంటే, ఆ దోషం ఎన్నడూ తన పేరుతో బయటపడదు. మా కళాశాలలో చరిత్ర చెప్పే మిత్రుడొకరికి కార్బ్యురేటరు ఉన్న పాత మారుతి 800 ఉన్నది. (1983లో వచ్చి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ బండిని వదలలేని మధ్యతరగతివారు ఇంకా ఉన్నారు.) ఊరిలో అది చక్కగా నడిచేది. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కబోతే మాత్రం నాలుగు మలుపులలో దగ్గి, కుదుపులిచ్చి, ఆగిపోయేది. పది నిమిషాలు ఊరుకుంటే ఏమీ ఎరగనట్లు మళ్లీ కదిలేది. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు. మరొకచోట కార్బ్యురేటరు విప్పి కడిగారు. మూడవచోట పంపు మార్చవలెనన్నారు. చివరకు ఒక వృద్ధ మెకానిక్కు విషయమంతా విని, “ఈ బండికి జబ్బు లేదండీ మాస్టారూ, ఆకలి” అన్నాడు.

ఆ మాటలో శాస్త్రమంతా ఉన్నది. కార్బ్యురేటరులో ఒక చిన్న తొట్టి ఉంటుంది. చదునుదారిలో ఇంజనుకు కొద్ది పెట్రోలే కావలెను గనుక, పూడిన ఫిల్టరు గుండా జారే సన్నధారతోనే ఆ తొట్టి నిండుతూ ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువగా తాగుతుంది; వచ్చేదానికంటె పోయేది ఎక్కువై తొట్టి ఎండిపోతుంది. కొంతసేపు ఆగి స్టార్టరుతో ఇంజనును తిప్పినప్పుడు పంపు కొద్దికొద్దిగా మళ్లీ తొట్టిని నింపుతుంది. ఇంజక్షను కార్లలో ఈ నిర్లక్ష్యానికి వెల మరింత ఎక్కువ. అక్కడ ట్యాంకులోని విద్యుత్పంపు సుమారు మూడు కిలోల ఒత్తిడితో పెట్రోలును నెడుతుంది. ఫిల్టరు మూసుకుపోతే ఆ భారమంతా పంపుమీద పడి, తుదకు అది కాలిపోవచ్చును.

పాతకార్లవారు ఇప్పుడు మరింత జాగ్రత్త పడవలసిన కారణమొకటి ఉన్నది. మన పెట్రోలులో ఇథనాలు పాలు 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరినది. ఇథనాలుకు నీటిని పీల్చుకునే గుణమున్నది. ట్యాంకు గోడలకు ఏండ్ల తరబడి పట్టిన జిడ్డును కరిగించి వదలించే గుణమూ ఉన్నది. పాత రబ్బరు దానికి తాళదు. ఆ వదలిన జిడ్డంతా చేరేది ఫిల్టరుకే. తయారీదారు పుస్తకంలో ఏ గడువు వ్రాసి ఉన్నా, ఇరవై ఏండ్లు దాటిన బండికి ఏడాదికొక ఫిల్టరు మార్చడం నా మతం.

మార్చడం పెద్ద విద్య కాదు గాని నిప్పుతో చెలగాటమని మరువరాదు. ఇంజను చల్లారిన తరువాత, ఆరుబయట, బ్యాటరీ ఋణధ్రువపు తీగ విప్పి పని ఆరంభించవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది; నేలబారున, గుంటలలో పేరుకుంటుంది, దూరాన ఉన్న నిప్పునైనా అందుకుంటుంది. ఇంజక్షను కారయితే గొట్టంలోని ఒత్తిడిని ముందుగా తగ్గించాలి. అందుకు పంపు ఫ్యూజు తీసి ఇంజను తనంత తాను ఆగేవరకు నడుపుతారు. బ్యాటరీ విప్పడం ఆ తరువాతి మాట. ఫిల్టరుమీద బాణపుగుర్తు ఉంటుంది. దాని మొన ఇంజను వైపు ఉండాలి. బీటలువారిన గొట్టాన్ని, వదులైన క్లిప్పును కూడ అప్పుడే మార్చాలి. పాత ఫిల్టరును నోటితో ఊది చూడడం, పెట్రోలును గొట్టంతో నోట పీల్చడం మనవైపు అలవాటు. పొరబాటున ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణాపాయం. బిగించిన తరువాత ఇంజను నడిపించి ప్రతి అతుకును చేతితో తడిమి చూడనిదే బండిని రోడ్డుకెక్కించరాదు.

పాత ఫిల్టరును వెంటనే పారవేస్తారు. నేనైతే పారవేయనివ్వను. ట్యాంకువైపు మూతి నుండి దానిలో ఉన్నదంతా ఒక తెల్లని పింగాణీ గిన్నెలోకి వంచి చూడవలెను. ఎర్రని పొడి కనబడితే ట్యాంకు తుప్పు పడుతున్నదన్నమాట. నల్లని పొట్టు గొట్టాల మరణవార్త. అడుగున దొర్లే బిందువులు నీరు. ట్యాంకు మూతను పరీక్షించాలి. శాసనం చదివేవానికి ఎంత ఓపిక కావలెనో దీనికీ అంతే కావలెను. మా మిత్రుని గిన్నెలో ఇటుకపొడి వంటి మడ్డి చారెడు దిగినది. మరునాడే మెకానిక్కు ట్యాంకు దింపి కడిగాడు. కొత్త ఫిల్టరును పారదర్శకమైనదే వేయించుకున్న మా మిత్రుడు ఇప్పుడు పెట్రోలు పోయించినప్పుడెల్లా బానెట్టు ఎత్తి చూస్తున్నాడు. మొదటి రెండు నెలలలో అదీ ఒకసారి ఎర్రబడినది, మార్చాడు. మూడవది ఇంకా తెల్లగానే ఉన్నది.